రిటైనింగ్ గోడ వెనక డీప్ సాయిల్ మిక్సింగ్: సమస్య - పరిష్కారం

మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ గోడ వెనక ఉన్న మెత్తటి నేలలోకి ఆగర్‌ను (బ్లేడ్లతో తిరుగుతూ దిగే కడ్డీని) దింపి, సిమెంట్ స్లర్రీని (నీళ్లలో కలిపిన సిమెంట్‌ను) అక్కడి మట్టితోనే కలిపి గట్టి కాలమ్‌లుగా మార్చడం ఈ పద్ధతి. లోపమంతా నేల అడుగునే ఉంటుంది కనుక, పైకి ఏం కనిపించిందన్నదానితో పాటు ఎప్పుడు కనిపించిందన్నదీ చూడాలి.

పని జరుగుతుండగానే గోడ ముందుకు వాలడం

లోపలికి పంపిన స్లర్రీకి తగినంత మట్టి పైకి రాకపోతే, ఆ అదనపు పరిమాణం గోడను నెడుతుంది. ఇంకా గట్టిపడని కాలమ్‌లు పక్కపక్కనే ఎక్కువైనా, నేల తనకున్న కాస్త బలాన్నీ కోల్పోతుంది. వెంటనే పని ఆపి, గోడకు ముందువైపు ఊతమిచ్చి, కదలిక నిలిచాకే మొదలుపెట్టాలి. అప్పుడు కూడా కాలమ్‌లను ఎడంగా వేసి, అవి తగినంత గట్టిపడ్డాకే మధ్యవి పూరించాలి.

కోర్ నమూనాలో మట్టి ముద్దలు

గట్టిపడిన కాలమ్‌లోంచి డ్రిల్ చేసి తీసిన బూడిదరంగు కోర్ మధ్యలో, వేలితో నొక్కితే గుంట పడే బంకమట్టి ముద్దలు అసలు రంగులోనే కనిపిస్తే, సిమెంట్ చాలలేదని తొందరపడకూడదు. జిగట మట్టి బ్లేడ్లకు అంటుకుని వాటితో పాటే తిరిగిందే తప్ప తెగలేదు. ఆగర్ దిగే, లేచే వేగాన్ని తగ్గించి, మీటరు లోతుకు బ్లేడ్లు తిరిగే సంఖ్యను పెంచాలి. మట్టి తిరగకుండా అడ్డుపడే స్థిర బ్లేడ్ ఉన్న పరికరమైతే మరీ మంచిది.

బాగా కలిసినా 28 రోజులకు బలం రాకపోవడం

మట్టిలోని సేంద్రియ పదార్థం సిమెంట్ గట్టిపడడాన్ని అడ్డుకుంటోందేమో పరీక్షించాలి. అదే లోతు మట్టితో ప్రయోగశాలలో స్లాగ్ (ఇనుప కొలిమి వ్యర్థం) కలిపిన సిమెంట్ మిశ్రమాలను పోల్చి చూసి మోతాదు మార్చుకోవాలి.

కాలమ్‌ల సందుల్లోంచి మట్టితో కూడిన నీరు ఊరడం

నిలువులో 1 శాతం తేడా వచ్చినా 12 మీటర్ల లోతున కాలమ్ 12 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. ఇరుగుపొరుగు కాలమ్‌లు చెరోవైపు వాలితే 20 సెంటీమీటర్ల అతివ్యాప్తి (ఒకదానిలోకి ఒకటి చొచ్చుకున్న భాగం) కూడా అడుగున మిగలదు. ఖాళీ ఉన్నచోట వెనకవైపు మరో కాలమ్ వేయాలి.

పెద్ద వానల తర్వాత గోడ వాలడం

అన్నిటికన్నా ఎక్కువగా పొరబడేది ఇక్కడే. నేల బలం చాలలేదనుకుని ఇంకా కాలమ్‌లు వేయిస్తారు. కానీ సిమెంట్ కలిసిన బంకమట్టిలోంచి నీరు సులువుగా పారదు. పని సమయంలో కారిన స్లర్రీ గోడ వెనకున్న కంకర పొరను, వీప్ హోల్స్‌ను (నీరు బయటికి పోయేందుకు గోడకు పెట్టిన రంధ్రాలను) పూడ్చేసి ఉంటే గోడకూ కాలమ్‌లకూ నడుమ చేరిన నీటికి దారే ఉండదు. అలా 3 మీటర్ల ఎత్తున నీరు నిలిస్తే, మీటరు పొడవు గోడపై సుమారు 44 కిలోన్యూటన్ల తోపుడు అదనంగా పడుతుంది. వాన వెలిశాక కూడా వీప్ హోల్స్ పొడిగా ఉన్నాయంటే నిశ్చింతగా ఉండకుండా, పిజోమీటర్‌తో (నేలలోని నీటి ఒత్తిడిని చూపే పరికరంతో) నీటిమట్టం కొలవాలి. మట్టం ఎక్కువగా ఉంటే పాత రంధ్రాలను శుభ్రం చేయించి, వడపోత ఉన్న కొత్త డ్రెయిన్ గొట్టాలను గోడలోంచి వేయించాలి. నీటిమట్టం దిగినా వాలు ఆగకపోతేనే, కాలమ్‌లు గట్టి పొర దాకా చేరాయో లేదో కోర్ తీసి చూడవలసి వస్తుంది.