గాలి రోజున, చేప ముట్టని రోజున ఫ్లై ఫిషింగ్

సముద్రతీరంలో ఫ్లై రాడ్ (ఈకలు, వెంట్రుకలు కట్టిన కొక్కెం, అంటే ‘ఫ్లై’ అనే నకిలీ ఎరను, బరువైన లైన్‌తో విసిరే గాలపు కర్ర) పట్టేవారికి, రాడ్ పట్టిన చేతి వైపు నుంచి వీచే గాలి అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే విసిరిన లైన్ ఒంటి మీదకు కొట్టుకొచ్చి బరువైన కొక్కెం చెవికో కంటికో గుచ్చుకోవచ్చు. అలాంటప్పుడు నీటికి వీపు పెట్టి నిలబడి, ముందు విసురును ఒడ్డు వైపు వేసి, వెనక విసురుతోనే ఫ్లైని నీటిలోకి వదలండి. కళ్లద్దాలు మాత్రం ఏ రోజూ తీయకండి.

ఎదురుగాలిలో 9 అడుగుల లీడర్‌ను (లైన్ చివరను ఫ్లైతో కలిపే సన్నని దారాన్ని) 6 అడుగులకు కుదించి, మెల్లగా మునిగే ఇంటర్మీడియట్ లైన్ వాడండి. అది తేలే లైన్ కంటే సన్నగా ఉంటుంది కనుక గాలిని కోసుకుంటూ పోతుంది, పైగా అలల కుదుపుకు అందకుండా నీటి లోపల ఉండి, చేప తాకిడిని వెంటనే చేతికి తెలుపుతుంది.

చేప ముట్టని రోజున చాలామంది వెంటనే ఫ్లై మారుస్తారు గానీ, ముందు మార్చవలసింది లోతు అని నా గట్టి నమ్మకం. విసిరాక ఫ్లై మునిగేలా 5 వరకు లెక్కపెట్టి లాగడం మొదలుపెట్టండి, తరువాత 10, ఆపై 15; చేప ఏ లెక్క దగ్గర తగిలిందో గుర్తుంచుకుని అక్కడే కొనసాగించండి. క్లౌజర్ మిన్నో వంటి బరువు కళ్ల ఫ్లై, లాగడం ఆపగానే తల వంచి కిందకు జారుతుంది, చేప తరచుగా ఆ క్షణంలోనే అందుకుంటుంది, కాబట్టి రాడ్ కొనను నీటికి ఆనించి, లైన్‌లో వదులు లేకుండా చూసుకుంటూ, లాగుడుకూ లాగుడుకూ మధ్య ఆ విరామాన్ని తప్పక ఇవ్వండి. నీరు కలకబారితే నల్లటి, గుబురైన ఫ్లై మేలు.

ఉరుము వినబడితే మాత్రం అక్కడితో ఆపేయండి. గ్రాఫైట్ రాడ్ విద్యుత్ వాహకం. దాన్ని కింద పెట్టి సురక్షితమైన భవనంలోకో కారులోకో వెళ్లి, చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు గడిచాకే తిరిగి నీటి దగ్గరకు రండి.