ఎస్ప్రెసో మెషిన్ మొరాయిస్తే ముందు చూడాల్సినవి

ఆటోమేటిక్ మెషిన్ గింజల్ని తానే మరపట్టి, పొడిని నొక్కి, కాఫీ దించుతుంది. విజయవాడ, గుంటూరు ఇళ్లలో ఇది ఇబ్బంది పెట్టిందంటే చాలాసార్లు తప్పు మెషిన్‌ది కాదు. గింజలదో, నీళ్లదో, పాలదో అయి ఉంటుంది. మెకానిక్‌ను పిలిచే ముందు ఆ మూడూ చూడండి.

కాఫీ నీళ్లలా దిగుతోంది

పది సెకన్లలోనే ధారగా దిగిపోతుంటే పొడి గరుకుగా పడుతోందన్నమాట. గ్రైండర్ తిరుగుతుండగానే నాబ్‌ను సన్నపొడి వైపు ఒక్క గీత తిప్పండి. ఆగి ఉన్నప్పుడు తిప్పితే మధ్యలో ఇరుక్కున్న గింజల వల్ల గ్రైండర్ దెబ్బతింటుంది. లోపల పాత పొడి మిగిలే ఉంటుంది కాబట్టి తేడా రెండు మూడు కప్పుల తర్వాతే తెలుస్తుంది. ఈలోగా మళ్లీ తిప్పకండి.

అప్పటికీ పలచగానే ఉంటే కప్పు కొలత చూడండి. ఒక విడతకు మెషిన్ వాడే పొడి సుమారు 7 నుంచి 11 గ్రాములే. దాని మీదుగా 120 మి.లీ. నీళ్లు పంపితే కాఫీ పలచనా అవుతుంది, చేదూ ఎక్కుతుంది. పాల కాఫీకి 40 మి.లీ. దించి, 100 మి.లీ. వేడి పాలు కలపండి. మన ఫిల్టర్ కాఫీ చిక్కదనంలో చికోరి వాటా ఉంటుంది. ఉత్త గింజలతో అచ్చం ఆ రుచే రావాలనుకుంటే నిరాశ తప్పదు.

చుక్కచుక్కగా దిగుతోంది

చికోరి కలిపిన పొడి వేశారా? చికోరిలో చాలా భాగం నీళ్లలో కరిగి, ముద్ద మెత్తబడి, జల్లెడ రంధ్రాలు పూడుకుపోతాయి. దుకాణంలో మరపట్టని గింజలే అడిగి తీసుకోండి. మధ్యస్థంగా వేయించిన అరకు గింజలు దీనికి బాగా కుదురుతాయి.

గింజలు సరైనవే అయితే బ్రూ గ్రూప్ (పొడిని నొక్కి కాఫీ దించే లోపలి భాగం) బయటికి తీయండి. ముందు మెషిన్‌ను బటన్‌తోనే ఆపాలి, అప్పుడే అది తన చోటికి వచ్చి ఊడుతుంది. రాకపోతే బలవంతంగా లాగొద్దు. వారానికోసారి కుళాయి కింద ఉత్త నీళ్లతో కడిగి ఆరబెట్టండి. సబ్బు తగిలితే గ్రీజు పోయి బిగుసుకుంటుంది.

మూడో కారణం సున్నం. బోరు నీళ్లు మరిగించిన గిన్నెలో తెల్లటి పొర కడుతుందంటే మెషిన్ గొట్టాల్లోనూ అదే జరుగుతోంది. డీస్కేల్ లైటు, అంటే సున్నం తీయమని చెప్పే లైటు, వెలగ్గానే కంపెనీ ద్రావణం వాడండి. వెనిగర్ వద్దు, రబ్బరు వాషర్లు పాడవుతాయి. ఆర్‌ఓ నీళ్లు పోస్తే సున్నం తగ్గుతుంది గానీ, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు) మరీ తక్కువ ఉంటే కాఫీ చప్పగా ఉంటుంది.

పంపు మోగుతోంది, నీళ్లు రావడం లేదు

ట్యాంకు ఖాళీ అయినప్పుడు గాలి చేరింది. ట్యాంకు నింపి, వేడినీళ్ల నాబ్ తిప్పి, ధార నిలకడగా వచ్చేదాకా వదలండి.

గింజలున్నా ‘గింజలు లేవు’ అంటోంది

నల్లగా, నూనె తేలేలా వేయించిన గింజలు ఒకదానికొకటి అంటుకుని కిందికి జారవు. పొడి గుడ్డతో డబ్బా తుడిచి, గింజలు మార్చండి. ఇక్కడి ఉక్కకు గింజలు త్వరగా మెత్తబడతాయి. రెండు రోజులకు సరిపడానే పోసి, మిగతావి గాలి తగలని డబ్బాలో ఉంచండి.

పాల నురగ రావడం లేదు

కాచిన పాలైతే మీగడ నాజిల్‌కు అడ్డుపడి ఉంటుంది. వడకట్టి, ఫ్రిజ్‌లో బాగా చల్లార్చిన పాలే వాడండి. నురగ తీసిన వెంటనే నాజిల్ తుడిచి, ఒక్క క్షణం ఆవిరి వదలండి. పాలు లోపల ఎండితే సూదితో తీయాల్సి వస్తుంది.

బూజు వాసన

పిప్పి డబ్బాను రోజూ ఖాళీ చేయాలి. ముసురు రోజుల్లో ఒక్క పూట ఆలస్యం కూడా వద్దు. ఊరెళ్తుంటే బ్రూ గ్రూప్ తీసి బయట పెట్టి వెళ్లండి.

కొత్తగా కొనేవాళ్లు బ్రూ గ్రూప్ ఊడేదే ఎంచుకోండి, సర్వీసు సెంటరు ఊళ్లో ఉందో లేదో కనుక్కోండి. ఈ మెషిన్లు దాదాపు 1,450 వాట్లు లాగుతాయి. 6 ఆంప్స్ చిన్న ప్లగ్‌కు కాకుండా 16 ఆంప్స్ సాకెట్‌కే పెట్టండి.