చంటిపిల్లలతో సింగపూర్‌లో ఒకటి రెండు రోజులు ఆగుతున్నారా? ముందే చూసుకోవాల్సినవి

హైదరాబాద్ నుంచి ఆస్ట్రేలియా వెళ్లే మనవాళ్లలో చాలామంది సింగపూర్‌లో విమానం మారతారు. ఎలాగూ దిగుతున్నాం, రెండు రోజులు ఊరు చూసి వెళ్దాం అనిపిస్తుంది. మంచి ఆలోచనే. ఊరు శుభ్రంగా ఉంటుంది, కుళాయి నీళ్లు తాగొచ్చు, పొద్దున్నే ఇడ్లీ దొరుకుతుంది. మూడేళ్ల పిల్లాడు వెంట ఉన్నప్పుడు అసలు చిక్కు దిగిన మొదటి పూటే.

మన దగ్గర రాత్రి పొద్దుపోయాక బయల్దేరే విమానం నాలుగున్నర గంటల్లో అక్కడ దింపుతుంది. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ ఉదయం ఆరు అంటే పిల్లాడి ఒంటికి తెల్లవారుజామున మూడున్నర. హోటళ్లు గది ఇచ్చేదేమో మధ్యాహ్నం రెండు, మూడు గంటలకి. నిద్ర చాలని పిల్లాడు, సామాన్లు, ఎక్కడా నడుం వాల్చే చోటు లేని ఎనిమిది గంటలు. ఈ పూట ఎలా గడుపుతారో తేల్చుకున్నాకే మిగతా ప్లాన్ వేసుకోండి.

నా మాట వింటే ముందు రాత్రి నుంచే గది బుక్ చేయండి. ఒక రాత్రి డబ్బులు అదనంగా పోతాయి, నిజమే. కానీ ఆదా చేసేది ఈ ఖర్చులో మాత్రం కాదు. 'మర్నాడు ఉదయం ఏడింటికి వస్తాం' అని హోటల్‌కి మెయిల్ పెట్టండి, లేకపోతే రాత్రి రాలేదని బుకింగ్ రద్దు చేసే ప్రమాదం ఉంది. అంత పెట్టలేమనుకుంటే చాంగీ విమానాశ్రయంలోనే గంటల లెక్కన గది ఇచ్చే హోటళ్లున్నాయి. పిల్లాడు నాలుగు గంటలు పడుకుని లేచాక బయల్దేరొచ్చు. గది ఖాళీగా ఉంటే ముందే ఇస్తామన్న మాటను నమ్ముకోకండి.

ఉండేది రెండు రోజులే అయితే పిల్లాడి గడియారం మార్చకండి. మన తొమ్మిది అక్కడ పదకొండున్నర, అప్పుడే పడుకోనివ్వండి. ఆలస్యంగా లేస్తాడు, లేవనివ్వండి. దీనివల్ల ఒక లాభం కూడా ఉంది. గార్డెన్స్ బై ద బే పార్కులో చెట్ల ఆకారంలో కట్టిన ఆ పెద్ద పెద్ద సూపర్‌ట్రీల కింద జరిగే లైట్ల షో రాత్రి 7.45కి ఒకటి, 8.45కి ఒకటి. రెండోది కూడా పిల్లాడికి సాయంత్రం ఆరుంపావే. పైగా ఉచితం. ఎండ పోయాక వెళ్తారు కాబట్టి అందరికీ హాయి.

ఇక కాగితాల సంగతి. భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి సింగపూర్ వీసా కావాలి. ఆస్ట్రేలియా, అమెరికా, బ్రిటన్ లాంటి కొన్ని దేశాల వీసా ఉండి, అటు వెళ్తూనో తిరిగి వస్తూనో ఆగేవాళ్లని 96 గంటల దాకా వీసా లేకుండా అనుమతించే వెసులుబాటు ఉంది. సింగపూర్‌లో దిగిన రోజు నుంచి ఆ వీసా కనీసం నెల రోజులు చెల్లాలి, ముందుకు వెళ్లే టికెట్ ఖాయమై ఉండాలి. చివరి మాట మాత్రం ఇమిగ్రేషన్ అధికారిదే. చాలామంది తడబడేది ఎక్కడంటే, ఇది ఒక్కొక్కరికీ విడివిడిగా వర్తిస్తుంది. అమ్మకీ నాన్నకీ ఉండి, వెంట వచ్చే అమ్మమ్మ వీసా గడువు పది రోజుల్లో ముగుస్తుంటే ఆవిడకి ఈ దారి లేదు. ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే ముందు అక్కడి ఇమిగ్రేషన్ శాఖ సైట్‌లో చూసుకోండి. ఆస్ట్రేలియా వీసాకి పాస్‌పోర్ట్‌లో స్టిక్కర్ ఉండదు, వీసా మంజూరైనట్టు వచ్చిన లెటర్ ప్రింట్ తీసి పెట్టుకోండి. దిగే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డ్ నింపాలి, పిల్లాడికి కూడా. దానికి పైసా ఖర్చు లేదు. డబ్బులడిగే సైట్ కనిపిస్తే అది అసలుది కాదు.

ఆగేది 24 గంటల లోపే అయితే పెద్ద సూట్‌కేసులు మామూలుగా చివరి ఊరికే పోతాయి, మధ్యలో చేతికి రావు. చెకిన్ కౌంటర్‌లో అడిగి తెలుసుకోండి. పిల్లాడి రెండు జతల బట్టలు, డైపర్లు, మందులు, ఉగ్గు పిండి చేతి బ్యాగులోనే ఉండాలి. అక్కడి ప్లగ్గులకి నలుచదరపు పిన్నులు మూడు ఉంటాయి, మన చార్జర్ ఎక్కదు. ఒక అడాప్టర్ పడేసుకోండి.

అమ్మమ్మ కట్టిన పొట్లాలు ఒకసారి విప్పి చూడండి. మనకి గసగసాలు మసాలా దినుసే. సింగపూర్‌లో మాత్రం అనుమతి లేకుండా తేకూడని వస్తువు. చూయింగ్ గమ్, గుట్కా, ఈ-సిగరెట్ కూడా వద్దు. కోడీన్ ఉన్న దగ్గు మందుకి, పెద్దవాళ్ల నిద్రమాత్రలకి ముందే అనుమతి అవసరం కావచ్చు, చూసుకోండి. మిగతా మందులు డాక్టర్ చీటీతో సహా ఉంచుకోండి.

ఊళ్లో తిరగడానికి ఎంఆర్‌టీ అనే మెట్రో రైలు చాలు. 0.9 మీటర్ల ఎత్తు లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు. పెద్దవాళ్లు వీసా, మాస్టర్‌కార్డ్ బ్యాంకు కార్డులు ట్యాప్ చేసి వెళ్లొచ్చు. అంతర్జాతీయ లావాదేవీలు బయల్దేరే ముందే ఆన్ చేయించుకోండి. రైల్లో ఏమీ తినకూడదు, తాగకూడదు, జరిమానా 500 సింగపూర్ డాలర్ల దాకా ఉంటుంది. పిల్లాడు దాహమంటే స్టేషన్ బయటికి వచ్చాకే సీసా తీయండి.

స్టేషన్లలో ఎస్కలేటర్లు మనం అలవాటుపడినవాటి కంటే వేగం. క్రాక్స్ లాంటి మెత్తటి చెప్పులు వేసుకున్న పిల్లలు మెట్టు అంచుకి కాలు ఆనిస్తే రబ్బరు పక్క సందులోకి లాక్కుపోతుంది. ఎత్తుకోండి, లేదా మెట్టు మధ్యలో నిలబెట్టి చెయ్యి పట్టుకోండి. పిల్లాడి తోపుడు బండి (స్ట్రోలర్) ఉంటే లిఫ్ట్ ఎక్కడుందో వెతుక్కోవాలి, రెండు నిమిషాలు ఆలస్యమైనా ఫర్వాలేదు.

కార్ల విషయంలో ఒక తేడా ఉంది. 1.35 మీటర్ల కంటే పొట్టి పిల్లలకి కారులో చైల్డ్ సీట్ ఉండాలన్నది అక్కడి చట్టం. మామూలు టాక్సీలకి మినహాయింపు ఉంది, యాప్‌లో వచ్చే ప్రైవేటు కార్లకి లేదు. అక్కడి టాక్సీ యాప్ గ్రాబ్‌లో బుక్ చేస్తే చైల్డ్ సీట్ ఉండే రకాన్నే ఎంచుకోవాలి, లేకపోతే డ్రైవర్ ఎక్కించుకోడు. విమానాశ్రయం నుంచి టాక్సీ లైన్లో నిలబడటమే సుఖం. మినహాయింపు చట్టం ఇచ్చిందే తప్ప ప్రమాదం ఇవ్వలేదు కాబట్టి పిల్లాణ్ని ముందు సీట్లో ఒళ్లో పెట్టుకోవడం మాత్రం వద్దు.

రోజుకి ఒక్క చోటు పెట్టుకోండి. జూ ఊరికి దూరం, రెండు రోజుల్లో దాన్ని ఇరికిస్తే మిగిలేది అలసటే. గార్డెన్స్‌లోని పిల్లల తోటలో నీళ్లాట ఉచితం, పొడి బట్టలు తీసుకెళ్లండి. సోమవారాలు మామూలుగా మూసేస్తారు. మధ్యాహ్నాలు ఉరుములతో వాన కుమ్మేయడం అక్కడ మామూలు, నవంబర్ నుంచి జనవరి దాకా ఇంకా ఎక్కువ. వానకి మాల్‌లోకి దూరితే ఏసీ చలి. తడిసిన చొక్కాతో ఆ చలిలో గంట కూర్చుంటే పిల్లాడు వణికిపోతాడు. పల్చటి స్వెటర్ ఒకటి బండి కింద ఉండాలి. డెంగీ ఉన్న ఊరు కాబట్టి దోమల క్రీమ్ కూడా.

తిండికి మనవాళ్ల పేట లిటిల్ ఇండియా ఉండనే ఉంది. కారం తక్కువ వేయమని ముందే చెప్పండి. జ్వరమో, దెబ్బో తగిలితే అక్కడికి దగ్గర్లోనే కేకే ఆసుపత్రిలో పిల్లల ఎమర్జెన్సీ 24 గంటలూ ఉంటుంది. అంబులెన్స్ నంబర్ 995. విదేశీయులకి బిల్లు బాగా పడుతుంది. మీ ఇన్సూరెన్స్‌లో ఆస్ట్రేలియాతో పాటు సింగపూర్ పేరు కూడా ఉందో లేదో పాలసీ తీసి చూడండి. గుంపులోకి వెళ్లే రోజు పొద్దున్నే ఆ రోజు బట్టల్లో పిల్లాడి ఫొటో ఒకటి తీసి, మీ నంబర్ వాడి చేతి మీద పెన్నుతో రాసేయండి.

ఆస్ట్రేలియా విమానం ఎక్కే రోజు చాంగీలో సెక్యూరిటీ తనిఖీ చాలా టెర్మినళ్లలో గేటు దగ్గరే జరుగుతుంది. అప్పటిదాకా నీళ్ల సీసా నిండా ఉన్నా, అక్కడ ఖాళీ చేయాల్సిందే. చంటిపిల్లల పాలకి ఆ పరిమితి లేదు, బయటికి తీసి చూపిస్తే చాలు. విమానంలో ఆస్ట్రేలియాలో దిగేవాళ్లు ఇవ్వాల్సిన కార్డ్ నింపేటప్పుడు తినే వస్తువులున్నాయని 'అవును' దగ్గరే టిక్ పెట్టండి. పిల్లాడి బ్యాగు అడుగున మర్చిపోయిన అరటిపండు, విమానంలో ఇచ్చిన ఆపిల్ ఉంటే దిగే ముందే వదిలేయండి. అక్కడ కుక్కలు వాసన పడతాయి, చెప్పకుండా తెచ్చిన ఒక్క పండుకి కూడా జరిమానా వేస్తారు.