‘ఎస్కిమో’ వద్దు, సరే. మరి ఏమని రాయాలి?

ఆర్కిటిక్ ప్రజల్లో కొందరికి బయటివాళ్లు పెట్టిన ‘ఎస్కిమో’ అన్న పేరు ఇప్పుడు వాడకూడదంటారు. ఆ ప్రజల గురించి వ్యాసం రాసేటప్పుడో, వార్త అనువదించేటప్పుడో చాలామంది చేసే పని ఒకటుంది. ‘ఎస్కిమో’ అని ఉన్న ప్రతిచోటా ‘ఇనుయిట్’ అని మార్చేసి, పని అయిపోయిందనుకుంటారు. దాంతో పాత తప్పు పోయి కొత్త తప్పు వచ్చి కూర్చుంటుంది. అలాస్కా నైరుతిలోని యుపిక్ ప్రజలు తమను ఇనుయిట్ అని చెప్పుకోరు, వాళ్ల భాష కూడా వేరు. బయటివాళ్లే ఇద్దరినీ ఒకే గాటన కట్టి ఎస్కిమోలన్నారు. కాబట్టి పదం జోలికి వెళ్లేముందు తేల్చుకోవాల్సింది, రాస్తున్నది ఎక్కడివాళ్ల గురించి అన్నది. అది తేలాక, వాళ్లు తమను తాము ఏమని పిలుచుకుంటారో చూసి, తెలిసినంతలో వాళ్లకు అతి దగ్గరి పేరు వాడాలి. అందరినీ కలిపి చెప్పే పేరు, అంతకన్నా కచ్చితంగా చెప్పే వీలు లేనప్పుడే.

ముందు ప్రాంతం, తర్వాత పేరు

కెనడాలో ‘ఇనుయిట్’ సరైన పేరు. వాళ్ల స్వస్థలాన్ని ఇనుయిట్ నునంగట్ అంటారు. అందులో నాలుగు ప్రాంతాలున్నాయి: పశ్చిమాన ఇనువియాలుయిట్ ప్రాంతం, మధ్యలో నునావుట్, క్విబెక్ ఉత్తరాన నునావిక్, లాబ్రడార్ తీరాన నునాత్సియావుట్. పశ్చిమ ప్రాంతం వాళ్ల గురించే రాస్తుంటే ‘ఇనువియాలుయిట్’ అనండి, అది వాళ్ల సొంత పేరు.

ఇక్కడ మూడు పొరపాట్లు తరచూ దొర్లుతాయి. మొదటిది, ఇనుయిట్‌ను ‘ఫస్ట్ నేషన్స్’లో కలిపేయడం. 1982 నాటి కెనడా రాజ్యాంగ చట్టం 35వ సెక్షన్ ఇండియన్, ఇనుయిట్, మెటీ అని మూలవాసులను మూడుగా పేర్కొంది. ఇప్పుడు ఫస్ట్ నేషన్స్ అంటున్నది అందులోని మొదటివారిని. రెండోది, క్విబెక్, లాబ్రడార్‌లలో ఉండే ‘ఇన్ను’ ప్రజలను ఇనుయిట్ అనుకోవడం. ఒక్క అక్షరం తేడా చూసి అచ్చుతప్పనుకుని దిద్దేవాళ్లూ ఉన్నారు. ఇన్ను వాళ్లు వేరే ప్రజ, వాళ్లది ఆల్గాంక్వియన్ కుటుంబానికి చెందిన భాష. మూడోది, ‘నునావుమ్మియుట్’ అంటే ఇనుయిట్ అనుకోవడం. నునావుట్‌లో ఉండేవాళ్లంతా, ఇనుయిట్ కానివాళ్లతో సహా, నునావుమ్మియుటే.

గ్రీన్‌లాండ్‌లో ఎక్కువమంది కలాల్లిట్. తూర్పు తీరం వాళ్లు తునుమియిట్, వాయవ్యాన కానాక్ వైపు ఉండేవాళ్లు ఇనుఘుయిట్. పాత పుస్తకాల్లో ‘పోలార్ ఎస్కిమోలు’ అని కనిపించేది ఈ ఇనుఘుయిట్ గురించే. ‘గ్రీన్‌లాండ్ వాసులు’ అన్నా తప్పు కాదు గానీ, అక్కడ స్థిరపడిన డేనిష్ వాళ్లు కూడా ఆ మాటలోకి వస్తారు.

అలాస్కా దగ్గర కాస్త ఓపిక పట్టాలి. ఉత్తరాన ఇన్యుపియాట్, నైరుతిన యుపిక్, సెయింట్ లారెన్స్ దీవిలో రష్యా తీరం వాళ్లతో చుట్టరికం ఉన్న మరో యుపిక్ సమూహం, దక్షిణ తీరాన సుగ్పియాక్ లేదా అలూటిక్, అల్యూషియన్ దీవుల్లో ఉనంగన్ (పాత పేరు అల్యూట్). లోతట్టున ఉండే గ్విచిన్, ఇతర దెనె ప్రజల భాషలకు వీళ్ల భాషలతో సంబంధమే లేదు. అందరినీ కలిపి చెప్పాల్సొస్తే ‘అలాస్కా మూలవాసులు’ చాలు. 2016లో అమెరికా ఒక చట్టం చేసి, కొన్ని ఫెడరల్ చట్టాల్లో మిగిలిపోయిన ‘ఎస్కిమో’, ‘అల్యూట్’ మాటలు తీసేసి ‘అలాస్కా నేటివ్స్’ అని పెట్టింది. అలాస్కాలో తమను తాము ఎస్కిమో అని చెప్పుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల మాటను ఉటంకిస్తే ఆ పదాన్ని అలాగే ఉంచండి. దాన్ని పట్టుకుని మన వాక్యంలోనూ వాడేయడం మాత్రం కుదరదు.

రష్యాలో పాత పేర్ల బరువు ఎక్కువ. సమోయెద్ అన్నవాళ్లలో అధికులు నెనెట్స్, తుంగుస్ అన్నవాళ్లు ఎవెన్కి, ఒస్త్యాక్ అన్నవాళ్లలో అధికులు ఖాంతీ, వోగుల్ అన్నవాళ్లు మాన్సీ, యాకుత్ అన్నవాళ్లు సఖా. ‘సమోయెద్’ రష్యన్ చెవికి ‘తనను తానే తినేవాడు’ అన్నట్టు వినిపిస్తుంది. చుక్చీ అన్న పేరు అధికారికంగా వాడుకలోనే ఉంది. కానీ ఆ పేరుతో రష్యన్‌లో వెటకారపు జోకులు బోలెడు కాబట్టి, అనువాదంలో ఏ సందర్భంలో వచ్చిందో చూసుకోవాలి. ‘అల్పసంఖ్యాక మూలవాసులు’ అన్నది రష్యా చట్టంలో ఒక వర్గం, దానికి 50,000 జనాభా పరిమితి ఉంది. సఖా ప్రజలు అంతకు ఎన్నో రెట్లున్నారు, వాళ్లను ఆ మాటతో పిలవకూడదు.

నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యాలోని కోలా ద్వీపకల్పం, ఈ నాలుగు చోట్లా ఉన్నవాళ్లు సామీ. ‘లాప్’ అన్నది కించపరిచే మాట. వాళ్ల నేల పేరు సాప్మి. ఫిన్లాండ్‌లో లాప్‌లాండ్ అనే పాలనా ప్రాంతం ఇప్పటికీ ఉంది కాబట్టి ఆ భూభాగం పేరును అలాగే రాయొచ్చు, మనుషులను మాత్రం సామీ అనాలి.

అసలు ‘ఎస్కిమో’తో ఇబ్బంది ఏమిటి

పచ్చిమాంసం తినేవాళ్లని దాని అర్థం అంటూ వాదం మొదలుపెట్టకండి. చాలామంది భాషావేత్తలు ఆ వ్యుత్పత్తిని ఒప్పుకోరు. మంచులో దిగబడకుండా కాళ్లకు కట్టుకునే చట్రాలకు వల అల్లేవాళ్లన్న అర్థం నుంచి వచ్చిందని వాళ్ల వాదన. ఇబ్బంది అర్థంలో లేదు, అది బయటివాళ్లు పెట్టి అధికారంతో రుద్దిన పేరు కావడంలో ఉంది. కెనడా ప్రభుత్వం 1941 నుంచి ఇనుయిట్‌కు పంచిన బిళ్లలు చూస్తే ఈ మాట అర్థమవుతుంది. నాణెమంత గుండ్రటి బిళ్ల, మెడలో వేసుకోవడానికి రంధ్రం, నడుమ కిరీటం, చుట్టూ ‘ఎస్కిమో గుర్తింపు, కెనడా’ అన్న ఇంగ్లిషు అక్షరాలు, ఇంకోవైపు మనిషికి ఒక సంఖ్య. 1970ల దాకా సర్కారు కాగితాల్లో మనిషి పేరు బదులు ఆ సంఖ్యే చెల్లింది.

1977లో అలాస్కాలోని బారోలో ఇనుయిట్ సర్కంపోలార్ సమావేశం జరిగింది. అప్పుడు ఏర్పడిన సంస్థ (ఇప్పటి ఇనుయిట్ సర్కంపోలార్ కౌన్సిల్) తన నియమావళిలో ‘ఇనుయిట్’ అన్న మాటలోనే యుపిక్ వాళ్లనూ చేర్చుకుంది. అందుకే ఆ సంస్థ ప్రకటన అనువదించేటప్పుడు ఇనుయిట్ అనే ఉంచండి. మిగతాచోట్ల ‘ఇనుయిట్, యుపిక్ ప్రజలు’ అని విడదీసి రాయడం మంచిది.

తెలుగు వాక్యంలో

ఇనుయిట్ అన్నది బహువచనం. ఒక్కరైతే ఇనుక్, ఇద్దరైతే ఇనూక్. ‘ఇనుయిట్‌లు’ అంటే బహువచనానికి మళ్లీ బహువచనం తగిలించినట్టు. ‘ఇనుయిట్ వేటకు వెళ్తారు’, ‘ఇనుయిట్‌కు హక్కులున్నాయి’ అంటే సరిపోతుంది. ‘ఇనుయిట్ ప్రజలు’ అన్నది పునరుక్తే అయినా తెలుగులో వాక్యం సాఫీగా సాగడానికి అప్పుడప్పుడు పనికొస్తుంది, దాన్ని తప్పుపట్టక్కర్లేదు. ఒక్క మనిషి గురించి మాత్రం ‘ఇనుక్ రచయిత్రి’ అనే రాయండి. ఇలాగే కలాలెక్ ఒకరు, కలాల్లిట్ పలువురు. ఇన్యుపియాక్ ఒకరు, ఇన్యుపియాట్ పలువురు.

‘ఇనుయిట్ భాష’ అని తేల్చేయకండి. తూర్పు కెనడాలో ఇనుక్టిటుట్, నునావుట్ పడమటి కొసన ఇనుయిన్నక్తున్, గ్రీన్‌లాండ్‌లో కలాల్లిసుట్.

ఇనుయిట్ సంప్రదాయపు పేర్లకు ఆడ మగ తేడా ఉండదు. పోయిన పెద్దల పేరు పుట్టిన బిడ్డకు, ఆడైనా మగైనా, పెడతారు. ఇంగ్లిషు వార్తలో పేరు ఒక్కటే ఉంటే, తెలుగులో క్రియ దగ్గర ‘అన్నాడు’, ‘అన్నది’ మధ్య ఇరుక్కుంటాం. ఊహించకండి. ‘అన్నారు’ అనండి, మర్యాదా దక్కుతుంది, తప్పూ రాదు.

ఆ తర్వాత మన సొంత మాటలు. ‘ఆటవికులు’, ‘ఆదిమ జాతి’, ‘మంచు మనుషులు’ పూర్తిగా మానేయాలి. ‘తెగ’ కూడా వద్దు, అక్కడ సొంత పార్లమెంట్లు, ప్రభుత్వాలు నడుపుకుంటున్నవాళ్లున్నారు. ‘మూలవాసులు’, ‘ప్రజలు’ సరిపోతాయి. క్రియాకాలం దగ్గరా జాగ్రత్త. ‘ఎస్కిమోలు ఇగ్లూలలో నివసిస్తారు’ అన్న పాఠ్యపుస్తకపు వాక్యంలో పేరొక్కటే మారిస్తే చాలదు. ‘కెనడా ఆర్కిటిక్‌లోని ఇనుయిట్ పూర్వం చలికాలపు ప్రయాణాల్లో, వేటలో మంచుదిమ్మెల ఇళ్లు కట్టుకునేవారు, ఇప్పుడు ఊళ్లలో మామూలు ఇళ్లలో ఉంటున్నారు’ అంటే మనుషులు, చోటు, కాలం మూడూ కుదురుతాయి.

ఊళ్ల పేర్లలో కొత్తది ముందు, అవసరమైతే పాతది ఒక్కసారి: ఇకాలుయిట్ (1987 దాకా ఫ్రోబిషర్ బే), ఉత్కియాగ్విక్ (2016 దాకా బారో), నూక్ (పూర్వం గోథాబ్).

మార్చకూడనివీ ఉన్నాయి. పాత పుస్తకాల శీర్షికలు, కోర్టు తీర్పుల పేర్లు, ఉటంకింపులు ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. ఎస్కిమో కర్లూ అనే పక్షి పేరు మన చేతిలో లేదు. పురావస్తు రచనల్లో ప్రాచీన ఆర్కిటిక్ ప్రజలకు వాడే ‘పేలియో-ఎస్కిమో’ బదులు ‘పేలియో-ఇనుయిట్’ వాడమని ఇనుయిట్ సర్కంపోలార్ కౌన్సిల్ 2010లో తీర్మానించింది. ఈ ప్రజల భాషా కుటుంబాన్ని ‘ఎస్కిమో-అల్యూట్’ బదులు ‘ఇనుయిట్-యుపిక్-ఉనంగన్’ అనడం కూడా వాడుకలోకి వస్తోంది.

రాయడం పూర్తయ్యాక ఎస్కిమో, లాప్, సమోయెద్, తుంగుస్, యాకుత్ అన్న మాటల కోసం ఫైలంతా ఒకసారి వెతకండి. దొరికిన ప్రతిదాని దగ్గరా ఆగి, అది ఎవరి నోటి మాటో చూడండి. మీ వాక్యంలోదైతే మార్చండి. ఫొటోల కింది వ్యాఖ్యలు, విషయసూచిక, పటాల మీది అక్షరాలు ఈ వెతుకులాటలో తప్పించుకుంటాయి, వాటిని విడిగా చూడాలి. సందేహం మిగిలితే కెనడా వాళ్ల విషయంలో అక్కడి ఇనుయిట్ జాతీయ సంస్థ ఇనుయిట్ తపిరియిట్ కనతమి, సామీ విషయంలో సామీ పార్లమెంట్లు తమ పత్రాల్లో ఎలా రాసుకుంటాయో చూసి అదే పాటించండి. రాస్తున్నది ఒక మనిషి గురించైతే, వీలుంటే వారినే అడిగి, వారు చెప్పిన పేరే వేయండి.