పాత రాకెట్ ఫొటోను చదవడం ఎలా

పాత రాకెట్ ఫొటో ఏదైనా మీ ముందుకొస్తే, కింద ఉన్న క్యాప్షన్‌ను కాసేపు చేత్తో మూసేయండి. ముందు బొమ్మ చూడాలి, మాటల సంగతి తర్వాత. నేను చాలాకాలం డార్క్‌రూమ్‌లో ప్రింట్లు తీస్తూ, బ్రష్ పట్టుకుని టచింగ్ చేస్తూ బతికినవాణ్ణి. చేతులు మారేకొద్దీ ఫొటో కంటే దాని కింది వాక్యమే ఎక్కువ మారిపోతుందని ఆ పనిలో నాకు బాగా అర్థమైంది. రాకెట్ల విషయంలో ఇది మరీ ఎక్కువ. అందరికీ ‘మొట్టమొదటిది’ కావాలి కదా, అందుకని పక్క ఫొటోకు కూడా ఆ పేరు తగిలించేస్తారు.

మొదట వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: ఈ ఫొటో సంఘటనకు ముందు తీసిందా, జరుగుతుండగా తీసిందా, తర్వాత తీసిందా?

రాబర్ట్ గొడార్డ్ ఫొటో తీసుకోండి. 1926 మార్చి 16, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, ఆబర్న్‌లో ఒక పొలం. నేల మీద మంచు. బరువైన కోటు వేసుకున్న గొడార్డ్ ఒక ఇనుప చట్రం పక్కన నిలబడి ఉంటాడు. ద్రవ ఇంధనంతో ఎగిరిన మొదటి రాకెట్ ఆ చట్రంలోనే ఉంది, కానీ చాలామందికి అది కనిపించదు. చట్రమే రాకెట్ అనుకుంటారు. పైనుంచి కిందికి నిదానంగా చూడండి. మోటారు, దాని నాజిల్ (మంట బయటికొచ్చే మూతి) పైన ఉన్నాయి. అక్కణ్ణుంచి రెండు సన్నటి గొట్టాలు కిందికి దిగి పెట్రోలు, ద్రవ ఆక్సిజన్ ట్యాంకులకు చేరతాయి. లాగే శక్తి పైన ఉంటే రాకెట్ నిటారుగా పోతుందని అప్పట్లో ఆయన నమ్మకం. అది నిజం కాదని తేలాక మోటారును కిందికి మార్చాడు. కాబట్టి మోటారు కింద ఉన్న రాకెట్‌ను చూపించి ‘1926 మార్చి నాటి మొదటి రాకెట్’ అని ఎవరైనా రాస్తే, క్యాప్షన్ తప్పని మీరు అక్కడికక్కడే చెప్పేయవచ్చు.

ఆ ఫొటో తీసింది ఆయన భార్య ఎస్తర్. ఆమె చేతిలో సినిమా కెమెరా కూడా ఉంది, కానీ ఒకసారి కీ ఇస్తే అది తిరిగేది ఏడు సెకన్లే. మోటారు వెలిగాక రాకెట్ వెంటనే లేవలేదు. కొంత ఇంధనం మండి, బరువు తగ్గాకే లేచింది. అప్పటికి కెమెరా ఆగిపోయింది. దాదాపు రెండున్నర సెకన్లు, 41 అడుగుల ఎత్తు, 184 అడుగుల దూరం. అంతరిక్ష చరిత్రలో అంత ముఖ్యమైన ఆ క్షణానికి బొమ్మ లేదు. మనం చూస్తున్నది దానికి ముందు నిలబడి ఉన్న మనిషిని. నాకు ఈ ఫొటో అంత ఇష్టం కావడానికి కారణం కూడా అదే. ఆయన ముఖానికి జరగబోయేది ఇంకా తెలియదు.

రెండోది, వెలుతురు చూడండి. పగలా, రాత్రా? ప్రయోగ సమయం తెలిస్తే సగం క్యాప్షన్లు ఇక్కడే తేలిపోతాయి. సోవియట్లు పంపిన ప్రపంచపు మొదటి ఉపగ్రహం స్పుత్నిక్ 1957 అక్టోబర్ 4న మాస్కో సమయం ప్రకారం రాత్రి పదిన్నరకు కాస్త ముందు ఎగిరింది. దాన్ని పంపిన చోట అప్పటికి అర్ధరాత్రి దాటింది. అలాంటప్పుడు పట్టపగలు, నీలాకాశంలో లేస్తున్న రాకెట్ కింద ‘స్పుత్నిక్ ప్రయోగం’ అని ఉంటే అది అదే జాతికి చెందిన వేరే రాకెట్. పైగా స్పుత్నిక్‌ను మోసిన ఆర్-7 రాకెట్ ఆకారాన్ని సోవియట్లు చాలా ఏళ్లు బయటపెట్టలేదు. దాని అసలు రూపాన్ని ప్రపంచం చూసింది 1967లో, పారిస్ విమాన ప్రదర్శనలో. అందువల్ల 1957 నాటి పత్రికలో దాని స్పష్టమైన ఫొటో ఉందని ఎవరన్నా అంటే నమ్మకండి. స్టాండు మీద మెరిసే 58 సెంటీమీటర్ల గోళం, అంటే ఉపగ్రహం బొమ్మ అయితే సరే.

అమెరికా మొదటి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్-1 కూడా రాత్రి ఎగిరిందే. ఫ్లోరిడాలో 1958 జనవరి 31 రాత్రి 10:48 గంటలు. అంతర్జాతీయ సమయం ప్రకారం అప్పటికే ఫిబ్రవరి 1. రెండు తేదీలూ సరైనవే. ఏది రాసినా ఏ సమయం ప్రకారమో రాయండి. ఆ రాత్రి ముగ్గురు తలల పైకి ఎత్తి పట్టుకున్న పొడవాటి ఉపగ్రహం ఫొటో చూసే ఉంటారు: ఆ ప్రయోగం వెనకున్న పికరింగ్, వాన్ అలెన్, వాన్ బ్రౌన్. వాళ్ల చేతుల్లో ఉన్నది నమూనా. అసలుది అప్పటికి కక్ష్యలో తిరుగుతోంది.

ఇక రంగు, నేల. రాకెట్ మీద నలుపు-తెలుపు గళ్లు అందం కోసం వేసినవి కావు. పైకి పోతూ అది తన చుట్టూ తాను ఎంత తిరుగుతోందో కెమెరాల్లో కొలవడానికి వేసినవి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు వాడిన వీ-2 రాకెట్ గళ్లతో కనిపిస్తే అది పరీక్షల కోసం ఎగిరిందని అనుకోవచ్చు. కానీ ఎక్కడ? వీ-2లను జర్మనీలోని పీనెముండేలో పరీక్షించారు, అక్కడ 1942 అక్టోబర్ 3న మొదటిసారి విజయవంతంగా ఎగిరింది. యుద్ధం తర్వాత అమెరికన్లు వాటిని న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్‌కు తెచ్చుకుని ఎగరేశారు. రాకెట్ అదే కాబట్టి దాన్ని చూసి చెప్పలేం, వెనక్కి చూడాలి. పైన్ చెట్లు, సముద్రతీరపు చదును నేల అయితే పీనెముండే. ఎడారి, దూరంగా కొండల వరుస అయితే వైట్ శాండ్స్. వీ-2 నెత్తిన ఇంకో సన్నటి రాకెట్ ఉండి, ముందు కెమెరాలు పట్టుకున్న మనుషులు నిలబడి ఉంటే అది బహుశా బంపర్-8. 1950 జులై 24న ఫ్లోరిడాలోని కేప్ కెనావరల్ నుంచి లేచిన మొదటి రాకెట్ అది. బంపర్-7 అంతకుముందు మొరాయించి ఐదు రోజుల తర్వాత లేచింది. నంబర్లు వరసలో ఉంటే ప్రయోగాలూ అదే వరసలో జరిగాయనుకోవద్దు.

వీ-2 దగ్గర ఇంకాసేపు ఆగాలి. ఫ్రేములో ఎవరు లేరో కూడా అడగండి. ఆ రాకెట్లను జర్మనీలోని నోర్డ్‌హౌజన్ దగ్గర సొరంగాల్లో ఖైదీల చేత తయారు చేయించారు. అక్కడి మిట్టెల్‌బావ్-డోరా నాజీ నిర్బంధ శిబిరం గుండా దాదాపు అరవై వేల మందిని నడిపించారు, వాళ్లలో ఇరవై వేల మంది దాకా చనిపోయారు. 1944లో వాల్టర్ ఫ్రెంట్స్ ఆ సొరంగాల్లో తీసిన రంగుల ఫొటోలు ఉన్నాయి. లైట్లు పెట్టి, కుదురుగా పనిచేస్తున్నట్టు చూపించినవి. ఆయన హిట్లర్ కోసం పనిచేసిన కెమెరామన్. ఫొటో ఎవరు తీశారు, ఎవరికి చూపించడానికి తీశారు అనే ప్రశ్న అడక్కపోతే ఆ బొమ్మలు మనల్ని మోసం చేస్తాయి. వీ-2 ఫొటో ఎక్కడ పెట్టినా ఈ మాట కూడా ఒక వాక్యం రాయండి, దయచేసి.

రాకెట్ ఒంటి మీది అక్షరాలను వదలొద్దు. ఎక్స్‌ప్లోరర్-1ను మోసిన రాకెట్ మీద పెద్దగా ‘యూఈ’ అని ఉంటుంది. అది సంకేతం. రాకెట్ తయారైన హంట్స్‌విల్ ఊరి పేరులోని అక్షరాలకు, రెండోసారి వచ్చిన అక్షరాన్ని వదిలేసి, వరసగా అంకెలు ఇచ్చారు: హెచ్ 1, యూ 2, ఎన్ 3, టీ 4, ఎస్ 5, వీ 6, ఐ 7, ఎల్ 8, ఈ 9. సున్నాకు ఎక్స్. అంటే యూఈ 29వ నంబరు రాకెట్. ‘యూఐ’ కనిపిస్తే 27. అది 1956 సెప్టెంబర్ 20న ఎగిరింది. దూరం నుంచి చూస్తే రెండూ కవలల్లా ఉంటాయి, తేడా పట్టించేది ఆ ఒక్క అక్షరమే. అందుకే ఎప్పుడూ దొరికినంతలో పెద్ద సైజు ఫైలు దించుకోండి.

టచింగ్ గురించి నాకు తెలిసింది చెప్తాను. మనిషిని చెరిపేసిన చోట గ్రెయిన్ (ఫిల్మ్ మీది సన్నటి చుక్కలు) చచ్చిపోతుంది. చుట్టూ ఇసుక రేణువుల్లాంటి చుక్కలుండి, ఒకచోట మాత్రం నున్నగా, మెత్తగా ఉంటే అక్కడ బ్రష్ పడినట్టే. భుజాల చుట్టూ గీతలు మరీ పదునుగా ఉన్నా అనుమానించండి. 1961 మేలో సోచిలో సోవియట్ వ్యోమగాములు తీయించుకున్న గ్రూపు ఫొటో దీనికి మంచి పాఠం. ఒక ప్రింటులో గ్రిగొరీ నెల్యూబోవ్ ఉన్నాడు, ఇంకో ప్రింటులో లేడు. 1963లో క్రమశిక్షణ పేరుతో అతన్ని బృందం నుంచి తీసేశారు, తర్వాత బొమ్మల్లోంచీ తీసేశారు. ఒక్క ప్రింటు చూసి ఇది పట్టుకోవడం కష్టం, రెండు పక్కపక్కన పెట్టాలి. అదే ఫొటో వేర్వేరు చోట్ల ఎలా ఉందో వెతకడం అలవాటు చేసుకోండి.

నెగటివ్‌ను తిరగేసి ప్రింటు చేస్తే ఎడమ కుడి అవుతుంది. అక్షరాలు లేని ఫొటోల్లో మగవాళ్ల కోటు గుండీలు చూడండి, అవి వాళ్ల కుడివైపు ఉండాలి.

ఒక్క ఫొటో అంటే ఒక్క క్షణం అని కూడా అనుకోవద్దు. 1966 జులై 18న అమెరికా వ్యోమనౌక జెమినై-10 లేచేటప్పటి ప్రసిద్ధ చిత్రంలో, రాకెట్‌ను పట్టుకునే టవరు విసనకర్రలా విచ్చుకుంటూ వాలుతుంది. అది ఒకే ఫ్రేములో చాలాసార్లు ఎక్స్‌పోజ్ చేసింది. అక్కడ అబద్ధమేమీ లేదు, కాకపోతే అది ఒక క్షణం కాదు.

మన దేశపు ఫొటోలకూ ఇదే పద్ధతి. సైకిల్ వెనక రాకెట్ ముక్కు కట్టుకుని వెళ్తున్న, కేరళలోని తుంబా ప్రయోగ కేంద్రం ఫొటోను ‘1963, భారత్ మొదటి రాకెట్’ అని పంచుకుంటారు. అది 1966లో ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ ఆన్రి కార్టియే-బ్రెసాఁ తీసింది. 1963 నవంబర్ 21న తుంబా నుంచి లేచింది అమెరికాలో తయారైన నైకీ-అపాచీ. ఎడ్లబండి మీద ఇస్రో వాళ్ల ‘ఆపిల్’ ఉపగ్రహం ఉన్న 1981 ఫొటోను పేదరికానికి గుర్తుగా చూపిస్తే నాకు బాధేస్తుంది. యాంటెన్నా పరీక్షకు చుట్టూ లోహం ఉండకూడదు. చెక్క బండిని ఇంజినీర్లు తెలిసే ఎంచుకున్నారు.

చివరగా, మీరు దాచుకునే ఫైలు పేరు మార్చకండి. నాసా నంబర్లలోనే చాలా సమాచారం ఉంటుంది. ఏఎస్08-14-2383 అంటే అపోలో-8, 14వ మ్యాగజైన్ (ఫిల్మ్ పెట్టె), 2383వ ఫ్రేము: 1968 డిసెంబర్ 24న వ్యోమగామి బిల్ ఆండర్స్ తీసిన, చంద్రుడి అంచున భూమి ఉదయిస్తున్న ఫొటో. దానికి కాస్త ముందు తీసిన నలుపు-తెలుపు ఫ్రేము 13వ మ్యాగజైన్‌లో ఉంది, 2329. నంబర్లు పోతే ఈ వరస మళ్లీ దొరకదు. పేరు పక్కన తేదీ, ఏ సమయం ప్రకారమో, ఎవరు తీశారో, మీకు ఎక్కడ దొరికిందో రాయండి. బొమ్మలో మీ కంటికి కనిపించేది ఒక వరసలో, ఎవరో చెప్పింది ఇంకో వరసలో ఉంచండి. ఆ రెండింటినీ కలిపి ఒకే వాక్యం చేయకండి.