సర్వర్‌లోకి వెళ్లలేకపోతున్నారా? ముందు ఆ సందేశం చదవండి

ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి సురక్షితంగా లాగిన్ అయ్యే పద్ధతి) సర్వర్‌కు కనెక్ట్ కాలేనప్పుడు చాలామంది వెంటనే పాస్‌వర్డ్ మార్చేస్తారు, లేదా సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తారు. దయచేసి ఆగండి. తెర మీద వచ్చిన ఆ ఒక్క వాక్యంలోనే సగం జవాబు ఉంటుంది.

‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని వెంటనే వస్తే, సాధారణంగా మీ పిలుపు సర్వర్ దాకా చేరినట్టే. అక్కడి ఎస్‌ఎస్‌హెచ్ సర్వీసు ఆగిపోయిందేమో, దాని పోర్టును (కనెక్షన్ వెళ్లే ద్వారం నంబరు) మామూలు 22 నుంచి మార్చారేమో చూడండి. చాలాసేపు కదలక మెదలక ఉండి ‘టైమ్డ్ అవుట్’ అంటే కనెక్షన్‌ను అడ్డుకునే ఫైర్‌వాల్‌నో, తప్పు ఐపీ చిరునామానో అనుమానించాలి.

అన్నిటికన్నా ఎక్కువ విసిగించేది ‘పర్మిషన్ డినైడ్’. ఒకసారి నా సాయంత్రమంతా దానికే పోయింది. యూజర్ పేరు సరైనదే, కీ (పాస్‌వర్డ్‌కు బదులు వాడే రహస్య ఫైలు) కూడా సరైనదే. చివరికి సర్వర్‌లోని లాగ్ (జరిగినవి నమోదయ్యే ఫైలు) తెరిస్తే అసలు సంగతి కనిపించింది: నా హోమ్ ఫోల్డర్‌లో గ్రూపు సభ్యులు కూడా రాయగలిగేలా అనుమతి ఉంది. అలా ఉంటే ఎస్‌ఎస్‌హెచ్ మన కీని నమ్మదు. అనుమతి అంకెలుగా హోమ్ ఫోల్డర్‌కు 755 (యజమాని మాత్రమే రాయగలరు), అందులోని ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కు 700 (యజమానికి మాత్రమే ప్రవేశం), కీలు రాసిన ఫైలుకు 600 (యజమాని మాత్రమే చదివి, రాయగలరు) ఇవ్వగానే లోపలికి వెళ్లగలిగాను. మీ కంప్యూటర్‌లోని ప్రైవేట్ కీ ఫైలుకు కూడా 600 ఉండాలి.

‘హోస్ట్ కీ (సర్వర్‌ను గుర్తుపట్టే కీ) మారింది’ అనే హెచ్చరిక వస్తే మాత్రం మీ కంప్యూటర్‌లో దాచి ఉన్న పాత కీని కళ్లు మూసుకుని తీసేయకండి. సర్వర్‌ను నిజంగా కొత్తగా ఇన్‌స్టాల్ చేశారా అని నిర్వాహకులను అడగండి.

సెట్టింగులు మార్చేటప్పుడు తెరిచి ఉన్న విండోను మూయకుండా, రెండో విండోలో కనెక్ట్ అయి చూడండి.