రాత్రి అన్నం మానేసినా షుగర్ తగ్గడం లేదా? పెరుగు గిన్నె దగ్గర వెతకండి

మధుమేహం ఉన్నవారికి ఆహార సలహాలు ఇచ్చే పనిలో నేను ఎక్కువగా వినే ఫిర్యాదు ఒకటే: "రాత్రి అన్నం మానేశామండీ, అయినా షుగర్ దిగడం లేదు." ఇలా వచ్చినవారిని రాత్రి భోజనానికి ముందు ఎంత ఉంది, మొదటి ముద్ద తిన్న 2 గంటలకు ఎంత ఉంది అని అడిగితే, పదిమందిలో తొమ్మిదిమంది పరగడుపు అంకె ఒక్కటే చెబుతారు. ఆ ఒక్క అంకెతో రాత్రి భోజనం తప్పో ఒప్పో తేల్చలేము. మూడు రోజుల పాటు భోజనానికి ముందు, 2 గంటల తర్వాత, మర్నాడు పరగడుపున పరీక్షించి, పక్కనే ఏం తిన్నారో రాయండి. పండు కోసిన చేతిని కడగకుండా వేలు గుచ్చితే అంకె తప్పుగా ఎక్కువ చూపిస్తుందన్న సంగతి కూడా మరవకండి.

ఒక హెచ్చరిక. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు రాత్రి పిండిపదార్థాన్ని ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ 70 కన్నా కిందికి పడిపోవచ్చు కాబట్టి, మార్పుకు ముందే వైద్యునికి చెప్పి మోతాదు సరిచూసుకోవాలి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు కూడా వైద్యుణ్ణి అడగకుండా ఇందులో ఏదీ మొదలుపెట్టకూడదు.

సమస్య: భోజనానికి ముందే షుగర్ ఎక్కువగా ఉంది

అయితే తప్పు రాత్రి భోజనానిది కాదు. సాయంత్రం టీతో తిన్న మరమరాలో, మిరపకాయ బజ్జీలో, "షుగర్ లేనివి" అని కొన్న బిస్కెట్లో కారణం. వాటి స్థానంలో గుప్పెడు వేయించిన వేరుశనగ గింజలు గాని, ఉడికించిన శనగలు గాని పెట్టుకోండి.

సమస్య: భోజనానికి ముందు బాగానే ఉంది, 2 గంటలకు బాగా పెరిగింది

మొదట పిండి తూచండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటే, గోధుమపిండిలో 64, జొన్నల్లో 68, రాగుల్లో 67 గ్రాములు ఉన్నాయి. పీచు ఎక్కువ కాబట్టి జొన్నా రాగీ మేలే, కానీ జనం అనుకున్నంత తేడా లేదు. 25 గ్రాముల పిండితో చేసిన పుల్కాలు నాలుగు తింటే 64 గ్రాముల పిండిపదార్థం, అంటే సుమారు 230 గ్రాముల అన్నం తిన్నట్టే. చేత్తో తట్టిన జొన్నరొట్టె ఒక్కోటి 60, 70 గ్రాముల పిండిని మింగుతుంది కాబట్టి "రెండు రొట్టెలే" అన్న లెక్క నమ్మదగినది కాదు. కూరలో బంగాళాదుంప, కంద, చామదుంప, అరటికాయ ఉంటే అది కూడా లెక్కలోకి వస్తుంది.

సమస్య: పిండి తూచే తింటున్నారు, అయినా 2 గంటలకు 240 దాటుతోంది

నన్ను నెలల తరబడి తిప్పలు పెట్టింది ఇదే. పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు రాత్రికి రెండు పుల్కాలు, బీరకాయ పప్పు తింటున్నానని పుస్తకంలో తేదీలతో సహా రాసుకొచ్చేవారు. నేను పప్పు తగ్గించాను, పుల్కాలో మెంతికూర కలపమన్నాను, భోజనం గంట ముందుకు జరిపాను, చివరికి గ్లూకోమీటరునే అనుమానించాను. మూడో నెలలో వెంట వచ్చిన కోడలు మాటల మధ్యలో, "మామయ్యగారు అన్నం ముట్టరండీ, చివర్లో పెరుగులోకి నాలుగు ముద్దలు, అంతే" అంది. ఆయన అబద్ధమాడలేదు. మన ఇళ్ళలో పెరుగన్నం అన్నంలో జమ కాదు, అది భోజనానికి ముగింపు. అది లేకపోతే ఎంత తిన్నా భోజనం చేసినట్టు అనిపించదు.

ఆ నాలుగు ముద్దలకు ఎంత అన్నం పడుతుందో ఇంట్లో తూచి చూశాను. ముద్దకు 30 గ్రాముల చొప్పున 120 గ్రాముల అన్నం, అంటే 33 గ్రాముల పిండిపదార్థం: పుస్తకంలో రాసిన ఆ రెండు పుల్కాలకు సమానంగా, రాయని రెండు పుల్కాలన్నమాట. పైగా పెరుగన్నానికి మెత్తగా వండి చేత్తో పిసుకుతారు, మెత్తబడిన అన్నం త్వరగా అరుగుతుంది, పిసికిన అన్నం గిన్నెలో తక్కువగా కనిపిస్తుంది. ఇప్పుడు నేను "అన్నం తింటున్నారా?" అని అడగడం మానేసి, "పెరుగు దేనితో తింటారు?" అని అడుగుతున్నాను, అది కూడా వండి పెట్టేవారిని.

పెరుగు మానమంటే ఎవరూ మానరు, మానవలసిన అవసరమూ లేదు. 100 గ్రాముల చక్కెర కలపని పెరుగులో 5 గ్రాములకు మించి పిండిపదార్థం ఉండదు. కనుక ఆ ముగింపును అలాగే ఉంచి అన్నాన్ని మాత్రం తప్పించాలి. సొరకాయనో పొట్లకాయనో సన్నగా తరిగి, ఉడికించి, నీరు పిండి, పెరుగులో కలిపి, ఆవాలు, మినప్పప్పు, పచ్చిమిర్చి, కరివేపాకు తాలింపు పెడితే చెంచాతో తినే పెరుగు పచ్చడి అవుతుంది. ముద్ద కలపనిదే తృప్తి లేనివారికి కాలీఫ్లవర్‌ను కోరు మీద తురిమి, 4 నిమిషాలు ఆవిరి పట్టి, చల్లార్చి, ఆ తురుమును పెరుగులో పిసికి పెట్టండి. అది అన్నమని ఎవరూ మోసపోరు గాని, చేతికి ముద్ద తగులుతుంది, పక్కన ఊరగాయ బద్ద కుదురుతుంది. మాస్టారు మొదటి వారం ముఖం చిట్లించారు. రెండు వారాలకు ఆయన 2 గంటల అంకె 180 లోపలికి వచ్చింది.

సమస్య: రాత్రి పదిన్నరకు ఆకలి

తగ్గించిన పిండిపదార్థం స్థానంలో మాంసకృత్తులు చేర్చలేదన్నమాట. 50 గ్రాముల పెసలు నానబోసి రుబ్బిన రెండు చిన్న పెసరట్లలో 23 గ్రాముల పిండిపదార్థం, 11 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. కరకరలాడాలని గుప్పెడు బియ్యం వేయకండి, ఉప్మా నింపకండి, అల్లం పచ్చడిలో బెల్లం పడుతుందని గుర్తుంచుకోండి. 30 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌తో వండిన టమాటా కూరలో సుమారు 15 గ్రాముల మాంసకృత్తులు దక్కుతాయి. పాలకూర పనీర్ కూడా మంచిదే, చిక్కదనానికి మొక్కజొన్న పిండి కలపకపోతే.

సమస్య: 2 గంటలకు బాగుంది, పరగడుపున మాత్రం ఎక్కువ

తెల్లవారుజామున కాలేయం విడుదల చేసే గ్లూకోజు వల్ల కొందరికి ఇలా జరుగుతుంది. దీనికి భోజనాన్ని ఇంకా కోసి ప్రయోజనం లేదు. రాసిపెట్టుకున్న మూడు అంకెలూ వైద్యునికి చూపించండి, మందుల వేళో మోతాదో ఆయన చూసుకుంటారు. స్టెరాయిడ్ మాత్రలు, ఇన్ఫెక్షన్ వంటివి కూడా షుగర్ పెరగడానికి కారణం కావచ్చు, అవి కూడా వైద్యుడు తేల్చవలసినవే.